కృప, నిబంధన: క్రైస్తవ బోధనలోని రెండు పదాల యూదు మూలాలు

ప్రస్తావన

క్రైస్తవ వేదాంతానికి ‘కృప’, ‘నిబంధన’ అనే రెండు పదాలు మూలస్తంభాల వంటివి. మానవుడు తన యోగ్యత వల్ల కాక దేవుడు ఉచితంగా చూపిన అనుగ్రహం వల్ల రక్షణ పొందుతాడన్నది కృపాసిద్ధాంత సారం. ఆ అనుగ్రహం ఒక జనసమూహంతో దేవుడు ఏర్పరచుకొన్న స్థిరమైన సంబంధంగా చరిత్రలో రూపుదాల్చిందన్నది నిబంధన భావన. వీటిని వివరించేటప్పుడు ఒక విభజనరేఖను గీయడం చాలాకాలంగా వాడుకలో ఉంది. పాత నిబంధన ధర్మశాస్త్రానికి చెందినదనీ, క్రొత్త నిబంధన కృపకు చెందినదనీ, యూదులది క్రియల మతమనీ, క్రైస్తవులది విశ్వాస మతమనీ ఆ రేఖ చెబుతుంది.

హీబ్రూ గ్రంథాలనూ, రెండవ దేవాలయ కాలపు యూదు రచనలనూ, రబ్బీల వ్యాఖ్యానాలనూ పరిశీలిస్తే ఈ రేఖ నిలవదు. కృపను నిబంధనకు ముందు, ఆజ్ఞను నిబంధన తరువాత ఉంచే క్రమం యూదు సంప్రదాయంలోనిదే. తొలి క్రైస్తవ రచయితలు ఆ క్రమాన్ని అక్కడినుండే గ్రహించారు. విభజన తరువాతి కాలంలో అంచెలంచెలుగా ఏర్పడింది. అందులో అనువాదాల పాత్ర కూడా కొంత ఉంది. ఆ మూలాలనూ, విభజన ఏర్పడిన తీరునూ, ఈ విషయంలో తెలుగు బైబిలు పదజాలం ఇచ్చే సాక్ష్యాన్నీ పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

‘బెరీత్’: ఒప్పందమా, వాగ్దానమా?

తెలుగులో ‘నిబంధన’ అని అనువదించిన హీబ్రూ పదం ‘బెరీత్’. నిబంధన చేయడాన్ని హీబ్రూలో ‘నిబంధనను కోయడం’ అంటారు. పశువులను రెండుగా ఖండించి, ఆ ఖండాల నడుమ నడిచి ప్రమాణం చేసే ఆచారం ఈ పలుకుబడికి నేపథ్యం. మాట తప్పినవానికి ఆ పశువుకు పట్టిన గతే పడుతుందని దాని భావం. యిర్మీయా 34వ అధ్యాయంలో యెరూషలేము పెద్దలు దూడ ఖండాల మధ్య నడిచి చేసిన ప్రమాణాన్ని ఉల్లంఘించిన సందర్భం ఈ ఆచారాన్ని స్పష్టం చేస్తుంది.

ఈ నేపథ్యంలో ఆదికాండం 15వ అధ్యాయం గమనించదగినది. అబ్రాహాము పశువులను ఖండించి ఎదురెదురుగా ఉంచుతాడు. చీకటి పడిన తరువాత పొగలు చిమ్మే పొయ్యి, మండుతున్న దివిటీ ఆ ఖండాల మధ్యగా సాగిపోతాయి. అవి దేవుని సన్నిధికి సంకేతాలు. అబ్రాహాము మాత్రం వాటి మధ్య నడవడు. గాఢనిద్రలో ఉన్న మనిషి పక్షాన ప్రమాణభారమంతా దేవుడే వహించినట్లు కథనం చూపుతుంది. నోవహుతోనూ, భూమిమీది సమస్త ప్రాణులతోనూ చేసిన నిబంధన (ఆది. 9) కూడా ఏకపక్షమైన వాగ్దానమే. దావీదు వంశానికి ఇచ్చిన వాగ్దానంలో (2 సమూ. 7, కీర్త. 89) కుమారుడు తప్పు చేస్తే శిక్ష ఉంటుంది కాని దేవుని కృప తొలగిపోదు.

సీనాయి నిబంధన స్వరూపం వేరు. అందులో ఆజ్ఞలు, ఆశీర్వాదాలు, శాపాలు ఉన్నాయి. క్రీస్తుపూర్వం రెండవ సహస్రాబ్దిలో హిత్తీయ చక్రవర్తులు సామంతరాజులతో చేసుకొన్న సంధిపత్రాలతో దీనికి పోలిక ఉందని 1954లో జార్జ్ మెండెన్‌హాల్ ప్రతిపాదించాడు. 1955లో ఇరాక్‌లోని నిమ్రూద్‌లో అస్సీరియా చక్రవర్తి ఎసర్హద్దోను క్రీ.పూ. 672లో చేయించిన వారసత్వ ప్రమాణపత్రాలు బయటపడ్డాయి. వాటిలోని శాపాలకూ ద్వితీయోపదేశకాండం 28వ అధ్యాయంలోని శాపాలకూ ఉన్న సామ్యం పండితుల దృష్టిని ఆకర్షించింది. ఈ రెండింటిలో ఏ కాలపు నమూనా ప్రధానమన్న చర్చ ఇంకా కొనసాగుతూనే ఉన్నా, ఒక విషయంలో హిత్తీయ పత్రాల నిర్మాణం విశేషంగా ఉపకరిస్తుంది. వాటిలో షరతులకు ముందు చారిత్రక పీఠిక ఉంటుంది. చక్రవర్తి సామంతునికి అంతవరకు చేసిన మేళ్లను అందులో వివరిస్తారు. పది ఆజ్ఞల నిర్మాణం కూడా ఇటువంటిదే. ఐగుప్తు దాస్యం నుండి విడిపించిన సంగతి మొదట వస్తుంది, ఆజ్ఞలు తరువాత వస్తాయి. ఆజ్ఞలను పాటించినందుకు ప్రతిఫలంగా విమోచన లభించలేదు. విమోచన పొందిన ప్రజలకు ఆజ్ఞలు ఇవ్వబడ్డాయి.

రబ్బీల తొలి వ్యాఖ్యానాలలో ఒకటైన ‘మెఖిల్తా’ ఈ క్రమాన్ని ఒక దృష్టాంతంతో వివరిస్తుంది. పది ఆజ్ఞలు తోరా ఆరంభంలోనే ఎందుకు లేవన్నది అక్కడి ప్రశ్న. ఒక రాజు ఒక దేశంలో ప్రవేశించి తాను వారిని ఏలతానన్నాడు. తమకేమి మేలు చేశావని ప్రజలు అడిగారు. అతడు వారికి కోటగోడ కట్టించాడు, నీరు తెప్పించాడు, వారి పక్షాన యుద్ధాలు చేశాడు. అటు తరువాత అడిగితే వారు సమ్మతించారు. దేవుడు కూడా ఇశ్రాయేలీయులను విడిపించి, సముద్రాన్ని చీల్చి, మన్నాను కురిపించిన తరువాతనే తన ఏలుబడిని అంగీకరిస్తారా అని అడిగాడని వ్యాఖ్యాతల తాత్పర్యం.

‘హేన్’, ‘హెసెద్’: నిబంధన లోపలి కృప

కృపను సూచించే హీబ్రూ పదాలలో ముఖ్యమైనవి రెండు. ‘హేన్’ అంటే ఒకరి దృష్టిలో మరొకరు పొందే దయ, ఆదరణ. జలప్రళయ కథలో నోవహు దేవుని దృష్టిలో పొందినది ఇదే. ‘ఉచితంగా, కారణం లేకుండా’ అనే అర్థమిచ్చే ‘హిన్నామ్’ కూడా ఈ ధాతువుకు సంబంధించినదే. రెండవ పదం ‘హెసెద్’. ఇది హీబ్రూ బైబిలులో సుమారు 250 సార్లు కనిపిస్తుంది. అందులో దాదాపు సగం కీర్తనల గ్రంథంలోనివే. సంబంధంలో ఉన్నవారు ఒకరిపట్ల ఒకరు చూపే విశ్వాసపాత్రమైన ప్రేమ అని దీనిని వివరించవచ్చు. 1927లో వెలువడిన తన పరిశోధనలో నెల్సన్ గ్లూయెక్ హెసెద్‌కూ నిబంధన బాధ్యతకూ ఉన్న ముడిని నొక్కి చెప్పాడు. అది బాధ్యతకే పరిమితం కాదనీ, బాధ్యతను మించిన ఔదార్యం అందులో ఉందనీ తరువాతి పండితులు సవరించారు.

ఈ పదాల బలం నిర్గమకాండం 32–34 అధ్యాయాలలో పూర్తిగా బయటపడుతుంది. సీనాయి నిబంధన జరిగిన కొద్దికాలానికే ప్రజలు బంగారు దూడను పూజించారు. మోషే శాసన పలకలను పగులగొట్టాడు. సంధిపత్రాల తర్కం ప్రకారం ఇక మిగిలేది శాపమే. అయితే 34వ అధ్యాయంలో దేవుడు తన స్వభావాన్ని తానే ప్రకటించుకొంటాడు. కనికరం, దయ, దీర్ఘశాంతం, సమృద్ధమైన హెసెద్, సత్యం తన గుణాలని చెప్పి నిబంధనను నూతనపరుస్తాడు. దోషాన్ని శిక్షించకుండా విడిచిపెట్టడన్న మాట కూడా అక్కడే ఉంది. కృప, న్యాయం రెండూ ఒకే ప్రకటనలో నిలిచాయి.

ఈ ప్రకటన హీబ్రూ బైబిలులో పదేపదే ప్రతిధ్వనిస్తుంది. సంఖ్యాకాండం 14, యోవేలు 2, నెహెమ్యా 9, కీర్తనలు 86, 103, 145 దీనిని స్మరిస్తాయి. యోనా గ్రంథంలో ఇది ఫిర్యాదుగా మారడం విశేషం. శత్రునగరమైన నీనెవెను సైతం దేవుడు క్షమిస్తాడని తనకు ముందే తెలుసుననీ, అందుకే పారిపోయాననీ యోనా నిష్ఠూరమాడతాడు. ఇశ్రాయేలు సరిహద్దు దాటి అన్యజనుల మీద ప్రసరించే కృప అన్న సమస్య పౌలు కంటే కొన్ని శతాబ్దాల ముందే యూదు సాహిత్యంలో ఉందనడానికి ఇది నిదర్శనం. యూదు సంప్రదాయం నిర్గమకాండంలోని ఈ ప్రకటనను ‘పదమూడు గుణాలు’గా లెక్కించి, ప్రాయశ్చిత్త దినపు ప్రార్థనలలో నేటికీ పఠిస్తున్నది.

‘క్రొత్త నిబంధన’ అన్న పదబంధం కూడా హీబ్రూ ప్రవక్తదే. హీబ్రూ బైబిలులో అది యిర్మీయా 31:31లో మాత్రమే కనిపిస్తుంది. బబులోను సేనలు యెరూషలేమును నాశనం చేసిన కాలానికి చెందిన ప్రవక్త వాక్కు అది. క్రొత్త నిబంధనలో ధర్మశాస్త్రం రద్దవుతుందని యిర్మీయా చెప్పలేదు. అది రాతిపలకల మీద కాక మనుషుల హృదయాల మీద వ్రాయబడుతుందనీ, పాపాలు క్షమించబడతాయనీ చెప్పాడు. నిబంధన చేయబడేది ఇశ్రాయేలు, యూదా వంశాలతోనే.

గ్రీకు అనువాదంలో పదాల ప్రయాణం

క్రీ.పూ. మూడవ శతాబ్దంలో అలెగ్జాండ్రియా యూదులు తోరాను గ్రీకులోకి అనువదించారు. క్రమంగా విస్తరించి సెప్టువజింట్‌గా ప్రసిద్ధికెక్కిన ఈ అనువాదమే తొలి క్రైస్తవులకు వేదగ్రంథం. ‘బెరీత్’కు సమానార్థకంగా ఇరుపక్షాల ఒప్పందాన్ని సూచించే ‘సుంథేకే’ అనే గ్రీకు పదం అందుబాటులో ఉంది. అనువాదకులు దానిని కాదని దాదాపు ప్రతిచోటా ‘దియాథేకే’ను ఎంచుకొన్నారు. నాటి గ్రీకు వ్యవహారంలో దియాథేకే అంటే ఒక వ్యక్తి తన ఆస్తి విషయమై చేసే ఏర్పాటు, మరణశాసనం. దేవుడు, మనిషి సమాన పక్షాలు కారనీ, ఏర్పాటు దేవునిదేననీ చెప్పడానికి ఈ ఎంపిక ఉపకరించింది. క్రీ.శ. రెండవ శతాబ్దంలో మళ్లీ గ్రీకు అనువాదం చేసిన యూదు పండితుడు అకిల ‘సుంథేకే’ను వాడటం గమనిస్తే, మొదటి ఎంపిక యాదృచ్ఛికం కాదని అర్థమవుతుంది.

కృప విషయంలో మాత్రం పదాలు రెండు దారులు పట్టాయి. ‘హేన్’ను ‘ఖారిస్’ అనీ, ‘హెసెద్’ను ‘ఎలెయోస్’ అనీ అనువదించారు. మొదటిది అనుగ్రహం, రెండవది కనికరం. పౌలు తన బోధనకు ప్రధానపదంగా ఖారిస్‌ను స్వీకరించాడు. దానితో గ్రీకు పాఠకునికి పౌలు చెప్పే కృపకూ, కీర్తనల్లో తాను చదివే దేవుని కనికరానికీ ఉన్న సంబంధం కంటికి ఆనకుండా పోయింది. నిబంధనలోని విశ్వాసపాత్రమైన ప్రేమ అన్న అర్థం ఎలెయోస్‌లో పలుచబడి, దీనుల మీది జాలిగా మిగిలింది.

లాటిన్‌లో దియాథేకే ‘టెస్టమెంటుమ్’ అయింది. ఇది కూడా వీలునామాను సూచించే పదమే. నాలుగవ శతాబ్దాంతంలో హీబ్రూ మూలాన్ని ముందుంచుకొని అనువదించిన జెరోము ఒప్పందాన్ని తెలిపే ‘ఫోయెడుస్’, ‘పాక్టుమ్’ పదాలను వాడాడు. కాని గ్రంథభాగాల పేర్లుగా పాత, క్రొత్త టెస్టమెంటులు అప్పటికే స్థిరపడ్డాయి. క్రొత్త వీలునామా వ్రాస్తే పాతది చెల్లదన్న లౌకిక న్యాయసూత్రం పాఠకుల మనస్సులో ఈ పేర్లతోపాటే చేరడానికి అవకాశం ఏర్పడింది.

కుమ్రాను సాక్ష్యం

రెండవ దేవాలయ కాలపు యూదులు కృపను ఎలా అర్థం చేసుకొన్నారనడానికి 1947 నుండి మృతసముద్రతీరంలో లభించిన కుమ్రాను చుట్టలు ప్రత్యక్షసాక్ష్యం. ‘సమాజ నియమావళి’గా పిలిచే గ్రంథం ప్రకారం ఆ సమాజంలో చేరడమంటే నిబంధనలో ప్రవేశించడమే. ఆ ఉత్సవంలో యాజకులు దేవుడు చేసిన కృపాకార్యాలను వర్ణిస్తారు, లేవీయులు ఇశ్రాయేలు పాపాలను ఏకరువు పెడతారు, ప్రవేశించేవారు తమ దోషాన్ని ఒప్పుకొంటారు. ఆ గ్రంథం చివరనున్న స్తోత్రంలో భక్తుడు తన నీతి తనలో లేదనీ, తాను తొట్రిల్లితే దేవుని హెసెద్ తనకు రక్షణ అవుతుందనీ పలుకుతాడు. అతి కఠినమైన ధర్మశాస్త్రనిష్ఠ పాటించిన సమాజమే ఈ మాటలు వ్రాసుకొంది. నిష్ఠకూ కృపకూ వైరుధ్యం ఉందని వారు భావించలేదు.

‘దమస్కు పత్రం’ అనే మరో గ్రంథం దమస్కు దేశంలో చేసిన ‘క్రొత్త నిబంధన’ను ప్రస్తావిస్తుంది. దీని మధ్యయుగపు ప్రతులను కైరోలోని యూదు సమాజమందిరపు గెనీజా నుండి సేకరించిన సాలమన్ షెఖ్టర్ 1910లో ప్రచురించాడు. పాత ప్రతులు తరువాత కుమ్రానులో దొరికాయి. యిర్మీయా మాటను తమకు అన్వయించుకొన్న యూదు సమాజం క్రైస్తవులకు ముందే ఉందని దీనివల్ల తేలింది. కడపటి విందులో యేసు పలికినట్లు సువార్తలు చెప్పే నిబంధన రక్తం అన్న మాట నిర్గమకాండం 24ను, లూకా, పౌలు పేర్కొన్న క్రొత్త నిబంధన యిర్మీయా 31ను స్ఫురింపజేస్తాయి. వాటి భాష పూర్తిగా యూదు భాషే.

ఒక వాక్యం, మూడు వ్యాఖ్యానాలు

నీతిమంతుడు తన విశ్వాసం వల్ల జీవిస్తాడన్న హబక్కూకు 2:4 ఈ చర్చకు కీలకం. హీబ్రూలోని ‘ఎమూనా’కు విశ్వసనీయత, నిలకడ, నమ్మకం అన్న అర్థాలున్నాయి. కుమ్రానులో లభించిన హబక్కూకు వ్యాఖ్య ఈ వాక్యాన్ని యూదా వంశంలో ధర్మశాస్త్రాన్ని ఆచరించేవారికి అన్వయించింది. వారి ప్రయాస వల్లనూ, ‘నీతిబోధకుని’పట్ల వారికున్న విశ్వాసం వల్లనూ దేవుడు వారిని విడిపిస్తాడని చెప్పింది. పౌలు ఇదే వాక్యాన్ని రోమీయులకు, గలతీయులకు వ్రాసిన పత్రికలలో ధర్మశాస్త్ర క్రియలతో నిమిత్తం లేని విశ్వాసానికి ప్రమాణంగా చూపాడు. హీబ్రూలో ‘తన విశ్వాసం’ అనీ, సెప్టువజింట్‌లో ‘నా విశ్వాసం’ అనీ ఉండగా, పౌలు ఆ సర్వనామాన్నే విడిచిపెట్టాడు. బబులోను తల్మూదులోని ‘మక్కోత్’ ప్రకరణం ఇదే వాక్యాన్ని మూడవ విధంగా వినియోగించింది. మోషేకు ఇచ్చిన 613 ఆజ్ఞలను దావీదు పదకొండుకు, యెషయా ఆరుకు, మీకా మూడుకు కుదించారని లెక్కిస్తూ వచ్చి, చివరకు హబక్కూకు అన్నింటినీ ఒక్కదానిపై నిలిపాడని చెబుతుంది.

ఈ ముగ్గురి నిర్ణయాలు వేరు. అయితే ముగ్గురూ అదే గ్రంథాన్ని, అదే వ్యాఖ్యానపద్ధతులతో చదివారు. ధర్మశాస్త్ర సారం విశ్వాసంలో ఉందన్న ఆలోచనను పౌలు బయటినుండి తెచ్చి యూదుమతం మీద రుద్దలేదు. అబ్రాహాము విశ్వాసం నీతిగా ఎంచబడిందన్న అతని వాదం ఆదికాండం 15:6 మీద ఆధారపడింది. వాగ్దానం తరువాత 430 సంవత్సరాలకు వచ్చిన ధర్మశాస్త్రం ఆ వాగ్దానాన్ని కొట్టివేయలేదన్న తర్కం (గలతీ. 3:17) తోరా కథనక్రమం నుండి తీసినదే. ‘ధర్మశాస్త్ర క్రియలు’ అన్న అతని పదబంధానికి దగ్గరి హీబ్రూ రూపం కూడా 1994లో పూర్తిగా ప్రచురితమైన కుమ్రాను లేఖలో కనిపించింది. అక్కడ అది శుద్ధి, బలి, పంచాంగం వంటి ఆచారవిషయాలకు సంబంధించినది.

పౌలు పరిసయ్యునిగా పెరిగినవాడు. రోమీయులకు వ్రాసిన పత్రిక 9–11 అధ్యాయాలలో నిబంధనలు ఇశ్రాయేలీయులవేననీ, దేవుని కృపావరాలు, పిలుపు వెనుకకు తీసుకోబడవనీ నిక్కచ్చిగా చెప్పాడు. అన్యజనులను అతడు అడవి ఒలీవ కొమ్మతో పోల్చాడు. వేరు కొమ్మను భరిస్తుంది కాని కొమ్మ వేరును భరించదని వారిని హెచ్చరించాడు. అతని వాదంలో వివాదాస్పదమైన కొత్తదనం కృప ఉన్నదనడంలో లేదు. సున్నతి మొదలైన గుర్తులు లేని అన్యజనులకు, క్రీస్తు ద్వారా, అదే నిబంధనలో పాలు దొరికిందనడంలో ఉంది.

రబ్బీల సాహిత్యంలో ఉచితానుగ్రహం

క్రీ.శ. 70లో రోమను సేనలు యెరూషలేము దేవాలయాన్ని దహించాయి. బలులు ఆగిపోయిన తరువాత పాపక్షమకు మార్గమేదన్న ప్రశ్న యూదుల ముందు నిలిచింది. శిథిలాలను చూచి విలపించిన శిష్యుని యోహానాన్ బెన్ జక్కై ఓదార్చిన సంఘటనను ‘అవోత్ ద రబ్బీ నాతాన్’ వివరిస్తుంది. దయాకార్యాలు బలితో సమానమైన ప్రాయశ్చిత్తమని చెబుతూ ఆయన హోషేయ 6:6ను ఉదాహరించాడు. దేవుడు బలిని కాక హెసెద్‌ను కోరుతాడన్న ఆ వాక్యాన్నే మత్తయి సువార్తలో యేసు రెండుసార్లు (9:13, 12:7) ఉదాహరిస్తాడు. రెండు సమాజాలు ఒకే ప్రవక్తవాక్యాన్ని తమకు ఆధారం చేసుకొన్నాయి.

కృప ఉచితమన్న భావన రబ్బీల రచనల్లో ధాతుస్థాయిలోనే వ్యక్తమవుతుంది. ద్వితీయోపదేశకాండం 3:23లో మోషే దేవుని బతిమాలుకొన్నానని చెప్పిన క్రియాపదం ‘హేన్’ ధాతువు నుండి వచ్చింది. ‘సిఫ్రే’ వ్యాఖ్యానం దానిని ‘హిన్నామ్’తో ముడిపెట్టింది. మోషే, దావీదు తమ సత్క్రియల బలంతో లోకాన్నే నిలబెట్టగలిగిన వారైనా, దేవుని వద్ద ఉచితంగానే అడిగారనీ, వారే అలా అడిగితే వారి శిష్యులకు శిష్యులైనవారు మరెంతగా అడగాలనీ వివరించింది. ‘బెరేషిత్ రబ్బా’లో మరో దృష్టాంతం ఉంది. ఒక రాజు వద్ద పలుచని పాత్రలున్నాయి. వేడినీరు పోస్తే పగులుతాయి, చన్నీరు పోస్తే బిగిసి చిట్లుతాయి. అతడు రెండూ కలిపి పోశాడు. లోకాన్ని కేవల దయతో సృష్టిస్తే పాపం ప్రబలుతుంది, కేవల న్యాయంతో సృష్టిస్తే అది నిలవదు. అందుకే దేవుడు రెండింటినీ కలిపి సృష్టించాడని సమన్వయం.

అయితే అన్ని యూదు రచనలూ ఒకే స్వరంతో పలకవు. దేవాలయ పతనానంతరం వ్రాయబడిన ‘నాలుగవ ఎజ్రా’లో రక్షణ పొందేవారు కొందరేనన్న నిరాశ ఆవరించి ఉంది. పితరుల పుణ్యం, ప్రతిఫలం, శిక్ష గురించిన చర్చలు రబ్బీలలో విస్తారంగా ఉన్నాయి. ప్రతిఫలాపేక్షతో యజమానిని సేవించే దాసులవలె ఉండవద్దన్న సోకోవాసి అంతిగోనసు హితవు (అవోత్ 1:3) కూడా అదే సంప్రదాయంలో నిలిచింది.

విభజన ఏర్పడిన తీరు

క్రొత్త నిబంధన గ్రంథాలలోనే విభజనకు బీజాలు లేకపోలేదు. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 8వ అధ్యాయం యిర్మీయా వాక్యాన్ని విపులంగా ఉదాహరించి, మొదటి నిబంధన పాతగిలిందని నిర్ణయించింది. రెండవ శతాబ్దంలో దూరం పెరిగింది. ‘బర్నబా పత్రిక’ మోషే పలకలు పగిలినప్పుడే యూదులు నిబంధనను కోల్పోయారని వాదించింది. నిర్గమకాండం 34లోని పునరుద్ధరణ ఆ వాదంలో లుప్తమైంది. మార్కియోను హీబ్రూ గ్రంథాలను పూర్తిగా త్రోసిపుచ్చి, న్యాయదేవుడు వేరు, కృపాదేవుడు వేరు అన్నాడు. సంఘం అతనిని బహిష్కరించి హీబ్రూ గ్రంథాలను నిలుపుకొంది. కాని న్యాయానికీ కృపకూ మధ్య అతడు చూపిన వైరం వేరువేరు రూపాల్లో తిరిగి తలెత్తుతూ వచ్చింది.

పదహారవ శతాబ్దంలో మార్టిన్ లూథర్ సంఘపు పుణ్యసంపాదన విధానాలను ఎదిరిస్తూ పౌలు పత్రికలను చదివాడు. పౌలు ప్రత్యర్థులలో అతనికి తన కాలపు ప్రత్యర్థులు కనిపించారు. ఆ పోలిక వల్ల యూదుమతం స్వయంకృషితో పుణ్యం ఆర్జించే మతానికి ప్రతీకగా స్థిరపడింది. దీని పర్యవసానం పుస్తకాలకే పరిమితం కాలేదు. 1543లో లూథర్ యూదులకు వ్యతిరేకంగా వ్రాసిన గ్రంథం వారి సమాజమందిరాలను తగులబెట్టాలని పాలకులకు సలహా ఇచ్చింది. 1880లో ఫెర్డినాండ్ వెబర్ రబ్బీల వాక్యాలను క్రోడీకరించి యూదుమతాన్ని పాపపుణ్యాల పద్దుపుస్తకంగా చిత్రించాడు. మూలగ్రంథాలను స్వయంగా చదవని అనేకులకు అదే ఆకరమైంది.

ఇరవయ్యవ శతాబ్దంలో పునఃపరిశీలన

ఈ చిత్రణను మొదట ప్రశ్నించినవారిలో యూదు పండితులున్నారు. షెఖ్టర్ 1909లో రబ్బీల వేదాంతం గురించి, క్లాడ్ మాంటిఫియోరి 1914లో యూదుమతం, పౌలు గురించి గ్రంథాలు వెలువరించారు. 1921లో అమెరికా పండితుడు జార్జ్ ఫుట్ మూర్ యూదుమతం గురించి క్రైస్తవులు వ్రాసినదాని చరిత్రను సమీక్షించి, వెబర్ పద్ధతిలోని దోషాలను ఎత్తిచూపాడు. రెండవ ప్రపంచయుద్ధకాలపు యూదు నరమేధం తరువాత ఈ ప్రశ్నకు నైతికమైన అత్యవసరత ఏర్పడింది. 1965 అక్టోబరు 28న రెండవ వాటికన్ మహాసభ ప్రకటించిన ‘నోస్త్రా ఎతాతే’ పత్రం రోమీయులకు వ్రాసిన పత్రిక 11వ అధ్యాయాన్ని ఆధారం చేసుకొని, యూదులను దేవుడు త్రోసివేసినట్లు చిత్రించరాదని నిర్దేశించింది.

1977లో ఇ.పి. సాండర్స్ గ్రంథం ‘పౌలు, పాలస్తీనా యూదుమతం’ పరిశోధనను మలుపు తిప్పింది. రబ్బీల రచనలనూ కుమ్రాను గ్రంథాలనూ సమగ్రంగా పరిశీలించి, వాటిలోని మతస్వరూపాన్ని అతడు నిబంధనాధారిత ధర్మనిష్ఠగా నిర్వచించాడు. నిబంధనలో ప్రవేశం కృపవల్ల కలుగుతుంది. విధేయత అందులో నిలిచి ఉండటానికి. తప్పినవారికి పశ్చాత్తాపం, ప్రాయశ్చిత్తం ఉన్నాయి. ‘నాలుగవ ఎజ్రా’ను అతడు మినహాయింపుగా గుర్తించాడు.

సాండర్స్ నిర్ణయానికి 2015లో జాన్ బార్క్లే ముఖ్యమైన సవరణ చేశాడు. రెండవ దేవాలయ కాలపు యూదుమతంలో కృప సర్వత్రా ఉంది, కాని సర్వత్రా ఒకే విధంగా లేదని అతని వాదం. కృప సమృద్ధమైనది కావచ్చు, ముందుగా ఇచ్చినది కావచ్చు, అయోగ్యునికి ఇచ్చినది కావచ్చు. ‘సొలొమోను జ్ఞానగ్రంథం’ యోగ్యులకే వరం తగినదని భావిస్తే, కుమ్రాను స్తోత్రాలు అయోగ్యుడైన మట్టిమనిషికి దక్కిన కృపను కీర్తిస్తాయి. పౌలు ఈ యూదు చర్చలో పాల్గొన్న ఒక స్వరం. మూలాలు ఒకటే అన్నంత మాత్రాన బోధనలు ఒకటే కావు. భేదాన్ని కృప ఉన్నదా లేదా అన్నచోట కాక, కృప ఎవరికి, ఏ విధంగా అన్నచోట వెదకాలని ఈ పరిశోధన సూచిస్తున్నది.

తెలుగు బైబిలు పదజాలం

ఈ నేపథ్యంలో ప్రచారంలో ఉన్న తెలుగు బైబిలు అనువాదం పరిశీలనార్హం. గ్రీకులో విడిపోయిన పదాలు తెలుగులో తిరిగి కలిశాయి. నోవహు పొందిన ‘హేన్’ తెలుగులో ‘కృప’. 136వ కీర్తనలో పల్లవిగా వచ్చే ‘హెసెద్’ కూడా ‘కృప’. పౌలు చెప్పే ‘ఖారిస్’ కూడా ‘కృప’. నిర్గమకాండం 34:6లోని హెసెద్, సత్యం అనే జంటకు తెలుగు అనువాదం ‘కృపాసత్యములు’. యోహాను సువార్త 1:14లో యేసును వర్ణించే ఖారిస్, సత్యం అనే జంటకు కూడా తెలుగులో ‘కృపాసత్య’ సమాసమే వాడారు. సెప్టువజింట్‌లో నిర్గమకాండ వాక్యానికి ‘ఎలెయోస్’ సంబంధపదం ఉండటం వల్ల గ్రీకు పాఠకుడు ఈ ప్రతిధ్వనిని సులభంగా గుర్తించలేడు. యోహాను హీబ్రూ పదాల జంటనే నేరుగా తలచుకొన్నాడని పలువురు వ్యాఖ్యాతలు వాదించి చెప్పవలసి వచ్చిన సంగతి తెలుగు పాఠకునికి పఠనమాత్రాన వినిపిస్తుంది.

యోహాను 1:17 మరింత విశిష్టం. మోషే ద్వారా ధర్మశాస్త్రం, యేసు ద్వారా కృపాసత్యాలు అన్న రెండు వాక్యఖండాల మధ్య గ్రీకు మూలంలో ‘కాని’ అన్న అర్థమిచ్చే పదం లేదు. 1611 నాటి ఆంగ్లానువాదం దానిని చేర్చి వైరుధ్యాన్ని కల్పించింది. తెలుగు అనువాదం చేర్చలేదు. పైగా ధర్మశాస్త్రం ఇవ్వబడిందని చెప్పడానికి ‘అనుగ్రహించు’ క్రియను వాడింది. ధర్మశాస్త్రం కూడా అనుగ్రహమేనన్న యూదు భావన ఆ క్రియలో ఇమిడి ఉంది.

అన్నిచోట్లా ఇదే ఫలితం లేదు. హోషేయ 6:6లోని హెసెద్ తెలుగులో ‘కనికరము’ అయింది. దియాథేకేకు హెబ్రీ పత్రిక 8వ అధ్యాయంలో ‘నిబంధన’ అనీ, 9వ అధ్యాయంలో ‘మరణశాసనము’ అనీ, గలతీ 3:15లో ‘ఒడంబడిక’ అనీ మూడు పదాలు వాడటంతో, ఒకే పదంలోని రెండర్థాల మీద మూలరచయితలు నిర్మించిన తర్కం మరుగున పడింది. వ్యవహారంలో ‘నిబంధనలు’ అంటే షరతులు, నియమాలు. అందువల్ల ‘పాత నిబంధన’ అన్న పేరు వినగానే పాతనియమావళి అన్న భావం స్ఫురించే ప్రమాదం ఉంది. ఉపదేశం అని అర్థమిచ్చే ‘తోరా’ గ్రీకులో ‘నోమోస్’గా, తెలుగులో ‘ధర్మశాస్త్రము’గా మారడం ఆ భావాన్ని బలపరుస్తుంది. ఈ రెండు పదాల ప్రభావం వల్ల కఠినమైన పాత నియమాలకు ఎదురుగా కొత్త కృప అన్న పఠనం తెలుగులోనూ సులభంగా వేళ్లూనగలదు.

ముగింపు

క్రైస్తవ కృపాసిద్ధాంతం యూదు నిబంధన భావన గర్భంలో రూపొందింది. విమోచన తరువాత ఆజ్ఞ, ఉల్లంఘన తరువాత క్షమ, హృదయం మీద వ్రాసిన ధర్మశాస్త్రం అనే మూడు ఆలోచనలూ హీబ్రూ గ్రంథాలవే. కుమ్రాను సమాజం, పౌలు, రబ్బీలు వాటిని మూడు దిశలకు తీసుకొనిపోయారు. యూదుమతంలో కృప లేదన్న అభిప్రాయం తరువాతి వివాదాల ఫలితం. ఆ అభిప్రాయానికి యూదులు చరిత్రలో చెల్లించిన మూల్యం చిన్నది కాదు.

తెలుగు పాఠకునికి ఈ సంబంధాన్ని తెలుసుకోవడానికి అవసరమైన ఆధారం చేతిలోని గ్రంథంలోనే ఉంది. సీనాయి కొండమీద పలకలు పగిలిన తరువాత వినిపించిన ‘కృపాసత్యములు’ యోహాను సువార్త తొలి అధ్యాయంలో మళ్లీ వినిపిస్తాయి. రెండు భాగాలనూ కలిపి చదివే పఠనానికి తెలుగు అనువాదకులు ఎంచుకొన్న ఈ సమాసం బలమైన ఆధారం. బైబిలు తెలుగు పదాలను హీబ్రూ, గ్రీకు మూలాలతో వరుసగా పోల్చి చూచే సమగ్ర పదసూచిక రూపొందితే, ఇటువంటి ఆధారాలు మరిన్ని వెలుగులోకి రావడానికి అవకాశం ఉంటుంది.